సూరి సిన్నాన్న అమ్మిపెట్టిన ఇల్లు

మొన్న పక్కింటివాళ్ళు వరండా గోడకు సున్నం కొట్టించారు. ఆ పచ్చి సున్నం వాసన కిటికీలోంచి వచ్చి సాయంత్రం దాకా నా కుట్టుమిషను చుట్టూనే తిరిగింది. నలుగురికీ అది పండగ వాసన. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే వెంటనే సూరి సిన్నాన్న ముక్కు గుర్తొస్తుంది. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ఆయన ముందు గోడ దగ్గరికి వెళ్ళి వాసన చూసేవాడు. కొత్త సున్నం అని తేలితే చాలు, ఇంటివాళ్ళు పక్కనే ఉన్నారన్న మొహమాటం కూడా లేకుండా "ఈ గోడ ఏటో దాస్తంది" అనేసేవాడు. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా నేను గోడలు వాసన చూస్తున్నాను. ఆ సంగతి పక్కింటావిడ కనిపెట్టేసింది కూడా.

ఆయన నాకు చుట్టం కాదు. అసలు పేరు అప్పలసూరి. యాంగోన్‌లో, అదే రంగూన్‌లో, మనవాళ్ళందరికీ ఉన్నట్టే ఆయనకూ ఒక బర్మా పేరు ఉండేది, టీకొట్టులో అందరూ ఉ బా సేన్ అని పిలిచేవారు. మా నాన్న, ఆయన కుర్రతనంలో బోటాటౌంగ్ జెట్టీలో ఒకే జట్టులో బస్తాలు మోశారు. మేము బాప్టిస్టులం, ఆయన సింహాచలం అప్పన్నకు మొక్కేవాడు, అయినా నాన్నకు ఆయన తమ్ముడే, నాకు సిన్నాన్నే. నడుం పట్టేశాక జెట్టీ మానేసి ఇళ్ళ బ్రోకరు అయ్యాడు. మా వీధి మలుపులో టీకొట్టు ఉంది. పొద్దున్నే ఒక పొట్టి స్టూలు లాక్కుని కూర్చుంటే అదే ఆయన ఆఫీసు. చేతిలో గొడుగు, జేబులో ఒక గాజు గోళీ. గోళీ ఎందుకో తర్వాత చెబుతాను, దానిమీద నాకు ప్రత్యేకమైన కోపం ఉంది.

మా ఇల్లు అమ్మవలసి రావడానికి కారణం మా ఆయన జాకోబు. గోడౌను దగ్గర లారీమీంచి పడి తుంటి ఎముక విరిగింది. ఎముక అతికింది గాని కాలు పైకి లేవదు. కర్ర పట్టుకుని చదునైన నేలమీద ఎంతైనా నడవవచ్చు, మెట్లు మాత్రం కుదరవు అన్నాడు డాక్టరు. మేమున్నది ఐదో అంతస్తులో, అదే ఆఖరిది. లిఫ్టు లేదు. డెబ్భై ఎనిమిది మెట్లు, నిచ్చెనలాగా నిటారుగా. ఆసుపత్రి నుంచి నలుగురు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారు, అంతే, ఎనిమిది నెలలు మనిషి కిందికి దిగలేదు. మా వీధిలో అందరి బాల్కనీల నుంచీ వేలాడినట్టే మాకూ ఒక తాడు, దానికో గంట, ఒక క్లిప్పు ఉండేవి. పేపరువాడు, కిళ్ళీవాడు కింద క్లిప్పుకు తగిలించి గంట కొడితే ఈయన పైకి లాక్కునేవాడు. ఆ తాడు తప్ప ఆయనకు లోకం లేదు. "రత్నం, కొత్త బండెవడో వచ్చినాడు, గంట మోత వేరేగుంది" అనేవాడు. నేను పబేడాన్‌లో దర్జీ షాపుకు పోయి వచ్చేసరికి వీధిలోని మోతలన్నీ నాకు అప్పజెప్పేవాడు. వింటుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

అప్పుడు నది అవతల తన్లిన్‌లో ఒక చిన్న ఇల్లు దొరికింది. నేలమీదే, ముందు కాస్త మట్టి వాకిలి. దాని యజమానురాలు డా మ్యా, ముసలావిడ, మాండలేలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. మా కథ విని జాలిపడింది. తడింజూ దీపాల పండగ దాకా ఎవరికీ ఇవ్వనని మాటిచ్చింది, ఆ తర్వాత తన చేతుల్లో లేదంది. వానాకాలం అప్పటికే మొదలైంది. అంటే నాలుగు నెలల్లోపల మా ఇల్లు అమ్ముడుపోవాలి, లేకపోతే జాకోబుకు ఆ తాడే గతి.

షాపులో నాతో కుట్టే అమ్మాయిలు, బ్రోకరెందుకు అక్కా, ఫేస్‌బుక్కులో పెట్టుకో, వాడికిచ్చే కమీషను మిగులుతుంది అన్నారు. నిజమే అనిపించింది. కాని వీధి మలుపులో సిన్నాన్న కూర్చుని ఉండగా ఆయన్ని దాటి ఇల్లు అమ్మితే నాన్న ఆత్మ క్షోభిస్తుందని ఆయనకే అప్పగించాను. ఒక్క షరతు పెట్టాను. కరెంటు నాలుగు గంటలు ఉంటే నాలుగు గంటలు ఉండని రోజులివి. కరెంటు ఉన్నప్పుడే నీళ్ళ మోటారు తిరుగుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి. ఉన్నప్పుడే మనుషుల్ని తీసుకురమ్మని చెప్పాను. అలాగేనన్నాడు.

తీసుకొచ్చింది కరెంటు పోయిన అరగంటకి, మిట్టమధ్యాహ్నం. వచ్చినవాళ్ళు కొత్తగా పెళ్ళయిన జంట. అతను కో మిన్, ఫోన్లు రిపేరు చేస్తాడట, ఆమె పేరు మా న్వే, నర్సు. మూడో అంతస్తు మలుపులో సిన్నాన్న వాళ్ళని ఆపేసి, ఇంకా ముప్ఫై మెట్లున్నాయి, బియ్యం బస్తాతో ఎక్కుతున్నామనుకుని ఎక్కండి అన్నాడట. చెమటలు కారుతూ వచ్చారు పాపం. మంచినీళ్ళు ఇద్దామంటే అవీ వేడెక్కి ఉన్నాయి. ఆయన జేబులోంచి గోళీ తీసి హాల్లో నేలమీద పెట్టాడు. ఎవరూ తోయకుండానే అది దొర్లుకుంటూ వంటింట్లోకి పోయింది. నేల వాలుగా ఉంది చూశారా అన్నాడు. పైకప్పు మూల చూపించి, పెద్ద వానకు ఇక్కడ కారుతుంది, బక్కెట్టు పెట్టుకోవాలి, ఒక్కోసారి రెండు అన్నాడు. నాలుగో అంతస్తులో డా తిన్ పొద్దున్నే నాపి దంచుతుంది, ఆ ఎండురొయ్యల కంపు నేరుగా మీ పడకగదిలోకే వస్తుంది అన్నాడు. జాకోబు కుర్చీలో కూర్చుని కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకు కూడా నాకు కోపం వచ్చింది. జంట మర్యాదగా దండం పెట్టి దిగి వెళ్ళిపోయారు.

"సిన్నాన్నా, ఇల్లు అమ్మడానికొచ్చావా, సెడగొట్టడానికొచ్చావా?" అన్నాను.

ఆయన గోళీ కోసం వంటింట్లో వంగి వెతుకుతున్నాడు. "సెప్పాల్సిందంతా సెప్పీసినాను అమ్మీ. ఇంక ఆళ్ళకి కొత్తగా తెలవాల్సింది ఏటీ నేదు" అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

రెండోవాళ్ళకూ ఇదే వరస. మూడోసారి వచ్చినాయన పెద్దమనిషి, బేరం కుదిరేలాగే ఉంది. కాని సిన్నాన్నకు ఇంకో నియమం ఉంది. కొనేవాడు ఇల్లు చూస్తే చాలదు, కింది ఇంటివాళ్ళతో కూర్చుని ఒక టీ తాగాలి. మెట్లు ఉమ్మడి, నీళ్ళ గొట్టాలు ఉమ్మడి, పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి, రేపు ఈయన్ని భరించేది వాళ్ళే కదా అనేవాడు. అలా ఆ పెద్దమనిషిని డా తిన్ ఇంట్లో కూర్చోబెట్టాడు. డా తిన్ ఏం చేసింది? పైఇంటి గొట్టం తన వంటింట్లో పదేళ్ళుగా బొట్టుబొట్టుగా ఎలా కారుతోందో పూసగుచ్చినట్టు చెప్పింది, పెట్టిన గిన్నె కూడా చూపించింది. ఆయన మళ్ళీ మెట్లెక్కలేదు.

తడింజూకు రెండు నెలలు కూడా లేదు. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గరికి వెళ్ళి, నలుగురి ముందూ సిన్నాన్నను కడిగేశాను. నీకు నోరు అదుపులో లేదు, వయసు మీరి బుద్ధి మందగించింది, నా మొగుడు అక్కడ పంజరంలో కూర్చున్నాడన్న ఇంగితం కూడా లేదు, రేపటినుంచి మా మెట్లెక్కొద్దు అన్నాను. ఆయన కప్పు అడుగున ఉన్న టీ సాసర్లో పోసుకుని తాగాడు. "అలగే అమ్మీ. నీ ఇల్లు, నీ నోరు" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ నిదానమే నన్ను ఇంకా రెచ్చగొట్టింది.

మర్నాడే బాల్కనీకి అట్ట కట్టాను, ఇల్లు అమ్మబడును, బ్రోకర్లు రాకూడదు అని బర్మాలో పెద్ద అక్షరాలతో. ఫోన్లు మొదలయ్యాయి. పదిమందిలో ఏడుగురు బ్రోకర్లే, కొనేవాళ్ళమని చెప్పి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పాక అసలు సంగతి బయటపెట్టేవారు. ఒకావిడ ఈ ఇంట్లో ఎవరైనా చచ్చిపోయి తిరుగుతున్నారా అని ప్రతి గదిలోనూ నిలబడి కళ్ళు మూసుకుంది. ఒకాయనకు ఇల్లు అక్కర్లేదు, మా అమ్మ టేకు బీరువా అమ్ముతారా అని అడిగాడు. ఇంకొకడు బాత్రూము వాడుకుని వెళ్ళిపోయాడు. షాపుకు సెలవులు పెట్టి పెట్టి మా యజమాని చేత మాటలు పడ్డాను. ఇవన్నీ ఇన్నాళ్ళూ ఆ స్టూలు మీద కూర్చుని సిన్నాన్న కాచి వడబోసేవాడని నాకు అప్పుడు తెలిసింది. తెలిసినా ఒప్పుకోలేదు.

కో జో అనే ఎండుచేపల వ్యాపారి ఫోను చేసినప్పుడు మాత్రం నేను పకడ్బందీగా ఉన్నాను. కారే మూల గోడకు సున్నం కొట్టించాను. టేకు బీరువాను ఆ మూలకు జరిపించాను. బక్కెట్లు మంచం కిందికి తోశాను. కరెంటు వచ్చే వేళ చూసుకుని, డా తిన్ బజారుకు వెళ్ళే వేళ కూడా చూసుకుని రమ్మన్నాను. బీరువా జరుపుతుంటే జాకోబు చూస్తూ కూర్చున్నాడు.

"కారేది అక్కడే కదేటి" అన్నాడు.

"నువ్వు కిందికి దిగాలా, వద్దా?" అన్నాను.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కుళాయి ధారగా పోస్తోంది, నది గాలి వీస్తోంది. కో జోకు ఇల్లు నచ్చింది. బయానా ఇచ్చాడు. మర్నాడే బస్సెక్కి వంతెన దాటి ఆ డబ్బు డా మ్యా చేతిలో పెట్టేశాను. బ్రోకరు లేకుండా ఇల్లు అమ్మేశానని షాపులో అందరికీ మిఠాయి పంచాను. ఆ గర్వం పది రోజులు ఉంది.

పదకొండో రోజు ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. కో జో చెప్పాపెట్టకుండా వచ్చాడు, సామాన్లు ఎక్కడ సరిపోతాయో కొలుచుకోవడానికి, పిన్నిని వెంటబెట్టుకుని. వాళ్ళు టేపు పట్టుకుని హాల్లో ఉండగానే బీరువా కిందినుంచి సన్నగా నీళ్ళు బయలుదేరాయి. నేల వాలు కదా, తిన్నగా వంటింటివైపు సాగాయి. పిన్ని లేచి వెళ్ళి బీరువా వెనకాల గోడమీద చెయ్యి పెట్టింది. తీసేసరికి అరచేతినిండా తడి సున్నం. ఎవరూ కేకలు వేయలేదు. కో జో మాత్రం, కారుతుందని చెప్పినా ఈ ఇల్లు తీసుకునేవాణ్ణి, ఇప్పుడు ఇంకేం దాచారో నాకెలా తెలుస్తుంది అన్నాడు. ఇక్కడి వాడుక ప్రకారం అమ్మేవాళ్ళ తప్పువల్ల బేరం చెడితే బయానా రెట్టింపు తిరిగివ్వాలి, రెట్టింపే కావాలి అన్నాడు. ఉన్నదంతా తన్లిన్‌లో డా మ్యా దగ్గరుంది. జాకోబు నావైపు చూడకుండా వీధివైపు చూస్తున్నాడు. ఆ క్షణంలో నాకు చచ్చిపోవాలన్నంత సిగ్గువేసింది.

వేరే దిక్కు లేక టీకొట్టుకు వెళ్ళాను. సిన్నాన్న నన్ను చూడగానే ఇంకో స్టూలు లాగాడు. నేను చెప్పిందంతా విన్నాడు. నేను చెప్పలేదా అని ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. "ఈ ఇల్లు మీ నాన్నకి ఎవులు ఇప్పించినారో తెల్సా?" అన్నాడు. తెలియదన్నాను.

"నానే. అప్పటికి బ్రోకరు పని కొత్త. సలికాలం పొద్దున్న తీసుకెల్లినాను, నది గాలి కొడతంది. మెట్లెక్కినంతసేపూ కతలు సెప్పినాను, మీ నాన్న లెక్కెట్టకుండా. కారతాదని నాకు తెల్సు. మొదటి వానకే మీ అమ్మ సాప తడిసిపోయింది. ఆ రోజుల్లో నీల్లు కిందనించే మొయ్యాల. రోజూ బిందెట్టుకుని ఈ టీకొట్టు ముందునించే ఎల్లీది. నన్ను ఒక్క మాట అన్నేదు. తిట్టీసుంటే నానూ మరిసిపోదును."

అమ్మ ఎడమ భుజం చివరిదాకా ఒకపక్కకు వాలిపోయే ఉండేది. నాకు గుర్తుంది. ఆయనమీద జాలిపడాలో, ఆ టీ కప్పు ఆయన ముఖాన కొట్టాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే కొట్టాలనే అనిపించింది. ఇన్నేళ్ళూ ఆ తప్పును ఊళ్ళోని ఇళ్ళన్నిటిమీదా దిద్దుకుంటూ తిరిగాడు, అమ్మతో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. నేను ఏడుస్తూనే ఆ మాట అడిగేశాను. చెప్పడానికి నోరు రాలేదమ్మీ అన్నాడు, అందుకే నీ చేత చెప్పిస్తాను అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. మర్నాడు కో జోను టీకొట్టుకు పిలిపించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి తాను పక్క బల్లకు మారిపోయాడు. నా తరఫున ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. కారుతుందని తెలిసే బీరువా అడ్డం పెట్టాను, మా ఆయన కిందికి దిగాలన్న ఆత్రంలో పెట్టాను, అయినా అది మోసమే, క్షమించండి అని బర్మాలో నేనే చెప్పాను. చుట్టూ అరడజను మంది బ్రోకర్లు టీ చప్పరిస్తూ విన్నారు. కో జో కప్పు పక్కకు జరిపి, రెట్టింపు అక్కర్లేదు, నాది నాకు నెలలోపల ఇచ్చేయండి అన్నాడు.

మూడో రోజున, కుండపోత వానలో, కరెంటు లేనప్పుడు, సిన్నాన్న మళ్ళీ ఆ మొదటి జంటనే తీసుకొచ్చాడు. గోళీ తీయలేదు. స్టూలు వేసుకుని జాకోబు పక్కన కూర్చుని, కానియ్ అన్నట్టు నావైపు చూశాడు. బక్కెట్లో టపటపా పడుతుంటే నేనే చెప్పుకొచ్చాను, వాలు, గొట్టం, నాపి, మెట్లు అన్నీ. సిన్నాన్నకు తెలియనిది ఒకటి కూడా చేర్చాను, వంటింటి కిటికీ గడియ పడదు, పావురాలు వచ్చి పప్పు తినేస్తాయి అని. మా న్వే నవ్వేసింది. ఈ మధ్యలో చాలా ఇళ్ళు చూశామని, ప్రతిచోటా బయటికొచ్చి పక్కవాళ్ళని అడిగితే కొత్త సంగతి ఒకటి తెలిసేదని, ఈ ఇంటి గురించి వీధంతా అడిగినా కొత్తది ఒక్కటీ దొరకలేదని చెప్పింది. తనకు ఇరవై ఆరేళ్ళు, మెట్లెక్కగలను అంది. పైకప్పు బాగుకు అయ్యేది తగ్గించమన్నారు, తగ్గించాం. వాళ్ళిచ్చిన బయానా కో జోకు పోయింది. తడింజూకు తొమ్మిది రోజుల ముందు కాగితాలు అయిపోయాయి.

జాకోబును దించిన పద్ధతి కూడా సిన్నాన్నదే. నాకు చెప్పకుండా ప్రతి గుమ్మం తట్టి వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి మేమొక అంతస్తు దించితే, నాలుగో అంతస్తులో డా తిన్ కొడుకులు సిద్ధంగా నిలబడి ఉన్నారు. వాళ్ళు మూడో అంతస్తువాళ్ళకు, మూడువాళ్ళు రెండుకు అందించారు. డా తిన్ వెనకాలే వస్తూ, గొట్టం సంగతి చెప్పినందుకు మనసులో పెట్టుకోవద్దని నాతో అంది. కింద వీధిలో కుర్చీ దించాక జాకోబు కర్ర ఆనించి నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. ఎనిమిది నెలలు చెవులతో విన్న వీధి. వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చి, నలుగురిలో ఏమిటిది అని ఆయన్ని కసిరాను.

ఇంత జరిగాక సిన్నాన్న కమీషను వద్దంటాడని, కనీసం సగమైనా వదులుకుంటాడని నేను లోపల అనుకున్నాను. వాడుక ఎంతో అంతా తీసుకున్నాడు. నేను నోట్లు నిదానంగా లెక్కపెడుతుంటే, "పని సేసినాను కదేటి" అన్నాడు. తన్లిన్‌కు మమ్మల్ని చూడడానికి ఒకే ఒక్కసారి వచ్చాడు. జాకోబు స్వయంగా తలుపు తీశాడు. ఆయన లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగి, గడప ఎత్తుగా ఉంది, ఈ కాలితో ఎప్పుడో తన్నుకుని పడతాడు, కొనేముందు నన్నెందుకు పిలవలేదు అని మొదలుపెట్టాడు. వచ్చినవాడు ఇల్లు బాగుందనలేదు, అన్నం బాగుందనలేదు. వెళ్ళేదాకా గడప గురించే మాట్లాడాడు. నేను చిరాకుపడి మర్నాడే వడ్రంగిని పిలిపించి గడప కోయించేశాను. ఆ వచ్చే వానాకాలంలో ఆయన పోయాడు. గడప తీసేశామన్న కబురు నేను చెప్పనేలేదు.

ఇప్పుడు నేను ఇంటిదగ్గరే కుడుతున్నాను. ఎవరైనా గుడ్డ తెస్తే ఇది ఉతికితే కుంచించుకుపోతుంది, ఈ రంగు దిగుతుంది, ఈ కుట్టు మీరు అడిగినంత బిగువుగా రాదు అని ముందే చెప్పేస్తాను. సగంమంది వేరే షాపుకు పోతారు. మిగిలిన సగం నన్ను వదలరు. ఇక జాకోబు సంగతి. పొద్దున టీ తాగి కర్ర పట్టుకుని వెళ్ళిన మనిషి, ఇక్కడి జెట్టీ దగ్గర ఒకడితో, బస్సు స్టాండులో ఇంకొకడితో కబుర్లు పెట్టుకుని, అన్నం వేళకు రాడు. కూర చల్లారిపోతుంది. రోజూ వీధి చివరిదాకా వెళ్ళి వెతికి తిట్టి తీసుకురావాలి. ఈ రోజూ అంతే, ఒంటిగంట దాటింది, ఇంకా రాలేదు. నేను వెళ్ళాలి.